మా దివ్యాంగ సాకులు

మా అపార్ట్‌మెంట్ సంఘం గురించి కాలనీలో లేనిపోని ప్రచారం జరుగుతోందని తెలిసి, కమిటీ సభ్యుడిగా ఈ వివరణ రాస్తున్నాను. వైకల్యం ఉన్నవాళ్లకు ఊడ్చే, తుడిచే పని ఇవ్వడానికి మేం వ్యతిరేకమన్నది శుద్ధ అబద్ధం. గంటా నలభై నిమిషాల పాటు, మధ్యలో మిరపకాయ బజ్జీలతో సహా, ఎంతో సానుకూలంగా చర్చించాం.

మెట్లు, కారిడార్లు తుడిచే ఆమె ఎనిమిది నెలల కిందట పని మానేసింది. (ఎందుకన్నది తర్వాత చెప్తాను, పెద్ద విషయమేం కాదు.) అప్పట్నుంచి వాచ్‌మన్ భార్య చేత అప్పుడప్పుడు తుడిపిస్తున్నాం. మొన్న ఆదివారం ఆ పని కోసం ముగ్గురు వచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్లు ఉన్నాయి.

మొదటి ఆయనకు ఎడమ కాలు పోలియో. మాప్ కర్ర కాస్త పొడుగ్గా ఉండాలన్నాడు, సరే అన్నాం. బకెట్‌కి చక్రాలుండాలన్నాడు, సరే అన్నాం. "లిఫ్ట్‌లో ఐదో అంతస్తుకి పోయి, అక్కణ్ణుంచి కిందికి తుడుచుకుంటూ వస్తా సార్" అన్నాడు. సభ గంభీరమైపోయింది. మా లిఫ్ట్ పక్కన ఒక నోటీసు ఉంది: "పనివాళ్లు, కుక్కలు లిఫ్ట్ వాడరాదు." ఇందులో కుక్కల మాట తర్వాత కొట్టేశాం. మూడో అంతస్తువాళ్లు మనసు కష్టపెట్టుకున్నారు మరి.

రిటైర్డ్ ఆఫీసరు గారొకరు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తెచ్చి చదివారు. మనిషిని బట్టి పనిలో తగిన సర్దుబాట్లు చేయాలట. అయితే యజమాని మీద మోయలేని భారం పడకూడదట. ఆ భారమెంతో తేల్చమని ట్రెజరర్‌ని అడిగాం. ఆయన కాలిక్యులేటర్ తీసి, రెండుసార్లు నొక్కి, సున్నా రూపాయలని తేల్చారు. చిక్కు అక్కడే వచ్చింది. బిల్లు లేని పనిని ఏ పద్దులో రాయాలి? ఈలోగా మా లాయరు సభ్యుడు, ఉద్యోగికి సర్దుబాట్లు చేసి తీరాలన్న నిబంధన ప్రభుత్వ సంస్థలకేనని సెలవిచ్చారు. అందరం ఊపిరి పీల్చుకుని తలా ఒక బజ్జీ తీసుకున్నాం.

"సర్కారు కొలువుల్లో వీళ్లకి 4 శాతం రిజర్వేషన్ ఉందిగా, అక్కడికే పోవచ్చుగా" అన్నారు ఇంకొకరు. ఊడ్చే పని చాలా ఆఫీసుల్లో ఎప్పుడో ఔట్‌సోర్సింగ్‌కి వెళ్లిపోయిందని ఆఫీసరు గారు గుర్తు చేశారు. అయినా చీపురుకి రిజర్వేషన్ అంటే నాకు నవ్వొస్తుంది. ఏ జీవో లేకుండానే కొన్ని కులాలకు నూటికి నూరు శాతం తరతరాలుగా అమలు చేసిన దేశం మనది.

ఆఫీసరు గారి సంచిలో ఇంకో కాగితం ఉంది. వైకల్యం ఉన్నవాళ్లు చేయగలిగిన 3,566 రకాల పోస్టులను గుర్తిస్తూ 2021లో కేంద్రం ఇచ్చిన జాబితా. ఏ పనికి ఏ కదలిక కావాలో అక్షరాల్లో రాశారు. ఎస్ అంటే కూర్చోవడం, ఎస్‌టీ నిలబడటం, బీఎన్ వంగడం, సీఎల్ ఎక్కడం, హెచ్ వినడం. సరదాకి ఆ కొలతతో మా కమిటీని కొలిచి చూశాం. బీఎన్ ట్రెజరర్ గారికి పొట్ట వచ్చిన నాటి నుంచి లేదు. సీఎల్ లిఫ్ట్ పాడైన రోజు ఎవ్వరికీ లేదు. హెచ్ ప్రెసిడెంట్ గారికి మొదట్నుంచీ లేదు. ఎస్ ఒక్కటీ అందరికీ దివ్యంగా ఉంది. కాగితం మడిచి పెట్టేశాం.

రెండో ఆమెకు చెవులు వినపడవు. పిలిస్తే ఎలా పలుకుతుందన్న ప్రశ్న వచ్చింది. పాతామెను ఆరేళ్లు "ఏమ్మా" అని పిలిచాం. పేరేమిటా అని రిజిస్టర్ తిరగేస్తే "స్వీపర్" అని ఉంది. అంటే పిలుపు అంత ముఖ్యమైన సంగతేమీ కాదు. కానీ ఈమె ఫోన్ తీసి, చెప్పాల్సింది వాట్సాప్‌లో పెట్టమని సైగ చేసింది. నాలుగో అంతస్తు ఆయనకు వెంటనే టెన్షన్ పట్టుకుంది. తన బాల్కనీ కూడా కాస్త కడిగి పొమ్మని పాతామెకు రోజూ నోటితో చెప్పేవాడాయన, నయాపైసా ఇవ్వకుండా. అది రాతలో ఉండిపోతే ఎట్లా? పైగా పెదవుల కదలికను బట్టి మాటలు పోల్చుకుంటుందట. ఆమె ఎదుటే ఆమె గురించి మాట్లాడుకునే సౌకర్యం పోతుంది.

మూడో అబ్బాయికి బుద్ధిమాంద్యం. వాళ్లమ్మ ఒక బొమ్మల చార్టు తెచ్చింది. ఎర్ర గుడ్డ టాయిలెట్లకి, నీలం గుడ్డ మిగతా చోట్లకి, ఏ మెట్టు ఎలా తుడవాలో వరసగా బొమ్మలు. ఒకపూట చేసి చూపించమన్నాం. అక్కడ తప్పు మాదే. చార్టులో మెట్టు ఖాళీగా ఉంది. మా మెట్ల మీద పద్నాలుగు చెప్పుల స్టాండ్లు, రెండు సైకిళ్లు, ఒక పాత వాషింగ్ మెషిన్ ఉన్నాయి. ఆ అబ్బాయి మొదటి స్టాండ్ దగ్గర ఆగి, బొమ్మ వంకా స్టాండ్ వంకా చూసి, తలుపు కొట్టాడు. తీసేదాకా కదల్లేదు. మధ్యాహ్నానికి మూడు అంతస్తుల మెట్లు అద్దంలా మెరిశాయి, పద్నాలుగు కుటుంబాలు కమిటీకి ఫిర్యాదు చేశాయి. "చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడండీ" అన్నదే ఫిర్యాదు.

విదేశాల్లో ఎలా ఉందో కూడా కనుక్కున్నాం, మమ్మల్ని బావిలో కప్పలనుకోవద్దు. జపాన్‌లో వైకల్యం ఉన్నవాళ్ల నైపుణ్యాలకు ఎబిలింపిక్స్ అనే పోటీలున్నాయి. అందులో భవనాలు శుభ్రం చేయడం కూడా ఒక అంశం. మన దగ్గర శుభ్రతకు ర్యాంకులు ఊళ్లకే. అమెరికాలో ఉన్న మా సభ్యుడి కొడుకు వీడియో కాల్‌లో ఇంకోటి చెప్పాడు. చూపులేనివాళ్లు తయారుచేసిన చీపుర్లు, మాప్‌లు ప్రభుత్వం కొనాలని అక్కడ 1938లోనే చట్టం చేశారట. 1971లో దాన్ని మిగతా వైకల్యాలకూ, శుభ్రం చేసే పనుల్లాంటి సేవలకూ విస్తరించారట. అదే 1938లో వచ్చిన ఇంకో చట్టం, వైకల్యం ఉన్నవాళ్లకు కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చే వెసులుబాటు కూడా పెట్టిందట. అప్పటిదాకా కునుకు తీస్తున్న ట్రెజరర్ నిటారుగా కూర్చుని, "ఆ రెండోది మళ్లీ చెప్పు నాయనా" అన్నారు.

సరిగ్గా అప్పుడే, బజ్జీల ప్లేట్లు తీసుకెళ్లడానికి వచ్చిన మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి "అన్నీ కుంటిసాకులే" అనేసింది. సభలో కలకలం. వైకల్యం ఉన్నవాళ్లను కావాలని నలుగురిలో కించపరిస్తే ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల దాకా జైలని మన 2016 చట్టంలో ఉంది. సంస్కారం ఉన్న సంఘం అలాంటి మాటని మినిట్స్‌లో ఎక్కించగలదా? 2015లో ప్రధానమంత్రి సూచించిన గౌరవప్రదమైన మాట ఉండనే ఉంది కనుక, ఇకపై మా సాకులను దివ్యాంగ సాకులు అనాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ రోజు నెగ్గిన తీర్మానం అదొక్కటే. డిసెంబరు 3న వచ్చే వికలాంగుల దినోత్సవానికి గేటు మీద ఫ్లెక్సీ కట్టే విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

పాతామె సంగతి చెప్తానన్నాను కదా. లిఫ్ట్ వాడకూడదు కనుక నిండు బకెట్ మోసుకుని మెట్లెక్కుతూ, ఫినాయిల్ నీళ్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. సర్కారు ఉద్యోగి అయితే, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని తీసేయకూడదు. ఈమె ఏజెన్సీ మనిషి. ఏజెన్సీ ఆమె పేరు కొట్టేసింది, అంటే రిజిస్టర్‌లో "స్వీపర్" అన్న మాటని.

సమావేశం ముగిసి లేవబోతుంటే వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో పిలిచాడు. ఆమె వచ్చిందట. ఆమెకూ సదరం సర్టిఫికెట్ వచ్చిందట, 46 శాతం. పాత పని మళ్లీ ఇమ్మని అడుగుతోందట. అనుభవం ఆరేళ్లు, ప్రతి చెప్పుల స్టాండూ తెలుసు. కమిటీ ఆఫీసు ఉండేది టెర్రస్ మీద, ఆమె గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద.

"లిఫ్ట్‌లో పంపమంటారా సార్?" అన్నాడు.

ఆమెకు నోటీసు చదివి వినిపించమన్నాను.