లిస్టులో లేని ప్రశ్న

మొన్న వార్షికోత్సవంలో తెలుగు బడి పిల్లలకు సర్టిఫికెట్లు ఇస్తుంటే అందరం చప్పట్లు కొట్టాం. వెనక వరుసలో ఒకావిడ మాత్రం కొట్టలేదు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "వాడు ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడతాడండీ. మీరేమో రాదని రాసిచ్చారు" అన్నారు. కోపం కూడా లేదు ఆ గొంతులో. 'మళ్ళీ ఇదే స్థాయి చదవాలి' అన్న ఆ కాగితం మీద ఉన్న రెండు సంతకాల్లో ఒకటి నాది.

నోటి పరీక్ష బల్ల దగ్గర ఆరోజు నేనూ, ఇంకో టీచరూ కూర్చున్నాం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, ఐదు ప్రశ్నలు. పిల్లలకు టెన్షన్ ఎందుకని ప్రశ్నలు ముందే వాట్సాప్ గ్రూపులో పెట్టేశాం. మొదట వచ్చిన పాప పేరు, తరగతి, ఇష్టమైన రంగు గడగడా అప్పజెప్పింది. ఒక్క దీర్ఘం తప్పలేదు. చేతికి కట్టు కనిపిస్తే "ఏమైందమ్మా?" అని అడిగాను. పాప నన్ను చూసింది, తలుపు దగ్గర నిలబడ్డ వాళ్ళమ్మను చూసింది, చివరికి ఇంగ్లిష్‌లో "అది లిస్టులో లేదు" అంది. పదికి పది వేశాం.

తర్వాత వచ్చినవాడు లిస్టు చూసినట్టే లేడు. నిన్న ఏం చేశావంటే అందుకున్నాడు: "మా తమ్ముడు సైకిల్ మీదికెళ్ళి పడ్డడు. నేను ఉరికిన. వాడు ఏడ్వలేదు గని నాకే ఏడుపొచ్చింది." మధ్యలో వాళ్ళ నాన్న గొంతు పెట్టి తిట్లు కూడా వినిపించాడు. పక్క టీచరు 'ఉచ్చారణ', 'వ్యాకరణం' రెండు గళ్ళలోనూ మార్కులు కోశారు. పడ్డడు కాదట, పడ్డాడు అనాలట. నేను నోరెత్తలేదు. నిజం చెప్పాలంటే నా చెవికీ అది తప్పుగానే వినిపించింది, మా ఇంట్లో అలా అనం కాబట్టి. రాత పరీక్షలో 'తమ్ముడు'కి మ వత్తు మర్చిపోయాడు, ళ బదులు ల రాశాడు. రెండు మార్కులూ కలిపేసరికి గీత కిందికి పోయాడు.

ఏటా ఆగస్టు 29న ఇదే హాల్లో గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేసి, వాడుక భాష గురించి ఉపన్యాసాలిస్తాం. ఆయన సవర భాష నేర్చుకుని మరీ సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పించిన మనిషి. మనం తెలంగాణ పిల్లాడి తెలుగుని తెలుగులోనే ఫెయిల్ చేశాం.

అమెరికాలో యాక్ట్‌ఫుల్ (ACTFL) అని భాషలు నేర్పే టీచర్ల సంఘం ఉంది. వాళ్ళ నోటి పరీక్ష 15 నుంచి 30 నిమిషాల సంభాషణ. ప్రశ్నలు ముందుగా ఇవ్వరు. పిల్లాడి జవాబులోంచే తర్వాతి ప్రశ్న పుడుతుంది. మాట్లాడటానికీ రాయడానికీ రేటింగు వేర్వేరు. కంఠతా పట్టిన మాటలే వస్తే నోవిస్, సొంతంగా వాక్యం కట్టి ప్రశ్న కూడా అడగగలిగితే ఇంటర్మీడియట్, జరిగింది జరిగినట్టు కథగా చెప్పగలిగితే అడ్వాన్స్‌డ్ దారి పట్టినట్టు. మా బల్ల దగ్గర ఎవరు ఎక్కడున్నారో మీరే చూసుకోండి.

రాత అక్కర్లేదని కాదు. వత్తులు రాకపోతే రేపు కథల పుస్తకం చదవలేడు, ఆ మాట వాళ్ళమ్మతోనూ చెప్పాను. ఆదివారం పూట వచ్చే వాలంటీర్లు ఒక్కో పిల్లాడితో అరగంట కూర్చోలేరు, అదీ నిజమే. కానీ లిస్టులో లేని ప్రశ్న ఒక్కటి అడగడానికి ఎంతసేపు? మాటకీ రాతకీ మార్కులు విడివిడిగా వేయడానికి షీటులో ఇంకో గడి చాలు. యాసకి మార్కులు కోయొద్దని ఆ షీటు పైనే ఒక లైను రాద్దాం.

కొత్త బ్యాచ్ మొదలయ్యేలోపు ఆ అబ్బాయికి మాట్లాడటం వరకు వేరే సర్టిఫికెట్ ఇద్దామని కమిటీని అడిగాను. నా సంతకం సిద్ధం. పక్కన ఇంకొకరిది కావాలి.