శాలువా, సమోసా, రచయిత్రి గారు

మా అమ్మ నిజాంపేట వైపు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. నాన్న ముప్ఫయ్యేళ్ళు అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఇప్పుడు చూడ్డానికి ఆఫీసు లెక్కలు లేక అమ్మ లెక్కలు చూస్తున్నారు. నేను ముందు గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని మీటింగులో ఉన్నా, మ్యూట్‌లో. అక్టోబరు ఆఖరి వారం, గురువారం సాయంత్రం ఆరున్నరకి మొదలైందిది.

అమ్మ: ఏమండీ, బాలల దినోత్సవానికి పిల్లల కథలు రాసేవాళ్ళెవరినైనా పిలవమన్నారు మా ప్రిన్సిపాల్ మేడమ్. బాధ్యత మొత్తం నాదేనట.

నాన్న: స్కూల్లో ఇంకెవరూ లేరా?

అమ్మ: తెలుగు టీచర్ని కదా. వేమన పద్యాల పోటీ నాకే, సంక్రాంతి ముగ్గులు నాకే, ఉగాది పచ్చడిలో వేపపువ్వు తేవడం కూడా నాకే. 2018లో బళ్ళలో తెలుగు తప్పనిసరి అని చట్టం తెచ్చారు గనక సరిపోయింది, లేకపోతే నన్నెప్పుడో లైబ్రరీ బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు.

నాన్న: దానికింత టెన్షన్ ఎందుకు? చందమామలో రాసేవాళ్ళనెవర్నైనా పిలువు.

అమ్మ: చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది.

నాన్న: అదేంటి! 1947 జులైలో మొదలైన పత్రిక...

అమ్మ: మొదలైంది ఎప్పుడో బాగానే గుర్తుంది. మీరు చందా కట్టడం మానేసింది ఎప్పుడో గుర్తుందా?

నాన్న కాసేపు ఫ్యాను వైపు చూశారు. ఆయన దగ్గర జవాబు లేనప్పుడల్లా మా ఫ్యాను మీద దుమ్ము కనిపిస్తుంది.

నాన్న: చూడవోయ్, పిల్లల కార్యక్రమాల గురించి నాకు చెప్పకు. నేను రేడియోలో బాలానందంలో పాడినవాణ్ణి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి ఎదురుగా నిలబడి!

అమ్మ: పాడలేదు, బృందగానంలో నోరు ఆడించారు. మీ అమ్మగారే చెప్పారు, పెళ్ళైన మూడో రోజున.

ఇంతలో అమ్మకి ఒకావిడ గుర్తొచ్చారు. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకి చిన్న చిన్న బొమ్మల పుస్తకాలు రాస్తున్న రచయిత్రి, ఉండేది వనస్థలిపురం. ఫోన్ నంబరు సంపాదించడం తేలికే అయింది. ఫోన్ చేయడమే కష్టమైంది, ఎందుకంటే ఏం మాట్లాడాలో అమ్మ ముందు కాగితం మీద రాసుకుంది.

అమ్మ: "బాలసాహితీ వినీలాకాశంలో ధ్రువతారగా వెలుగొందుతున్న తమరు మా విద్యాలయ ప్రాంగణాన్ని తమ పాదస్పర్శతో..."

నాన్న: ఫోన్ చేస్తున్నావా, సన్మానపత్రం చదువుతున్నావా? పాపం ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టుకుని ఉంటే పొంగిపోతాయి.

అమ్మ కాగితం పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నాలుగు నిమిషాల్లో తిరిగొచ్చింది, కాగితం మడత అలాగే ఉంది.

నాన్న: ఏమన్నారు?

అమ్మ: "నవంబరు 14 అయితే కుదరదమ్మా, ఆ ఒక్క రోజునే అందరికీ నేను గుర్తొస్తాను, సెప్టెంబరులోనే వేరే స్కూలుకి మాటిచ్చేశాను" అన్నారు. 20 అయితే వస్తారట. ఇప్పుడు మేడమ్‌కేం చెప్పను? నెహ్రూ పుట్టినరోజు దాటితే ఆవిడకి ఉత్సాహం ఉండదు.

నాన్న: పిచ్చిదానా, 20న ఐక్యరాజ్యసమితి వాళ్ళ బాలల దినోత్సవం. మనం చేసేది అంతర్జాతీయ స్థాయిలో అని చెప్పు. ఎగిరి గంతేస్తారు.

ఇది మాత్రం నిజంగా పనికొచ్చింది. మేడమ్ మెసేజ్‌లో మూడు చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాన్న ఆ ఫోన్ తీసుకుని మూడుసార్లు చూసుకున్నారు, ఆ తర్వాత ఈ కార్యక్రమం తనదే అనుకోవడం మొదలుపెట్టారు.

నాన్న: బడ్జెట్ ఎంత?

అమ్మ: శాలువా ఆరు వందలు, మెమెంటో తొమ్మిది వందలు, బొకే నాలుగు వందలు, ఫ్లెక్సీ పన్నెండు వందలు, స్టేజీ మీద వాళ్ళకి సమోసాలు, జీడిపప్పు, టీ కలిపి ఐదు వందలు. 

నాన్న: మూడు వేల ఆరు వందలు. ఆవిడకి?

అమ్మ: ఆవిడకే కదండీ ఇదంతా.

నాన్న: అది కాదు, చేతికి.

అమ్మ: చేతికంటే... సాహిత్యం కదా. డబ్బులిస్తే బాగుంటుందా?

నాన్న: మైకువాడికిస్తే బాగుంటుంది, ఫ్లెక్సీవాడికిస్తే బాగుంటుంది, సమోసాలవాడికిస్తే బాగుంటుంది. పొద్దున్నే లేచి వనస్థలిపురం నుంచి నిజాంపేట దాకా వచ్చి, గొంతు పోయేలా కథలు చెప్పే మనిషికిస్తే మాత్రం బాగోదా? వాళ్ళింట్లో బీరువా తెరిస్తే శాలువాలు మీద పడతాయే. ఆటోవాడు దిగేటప్పుడు శాలువా తీసుకుంటాడా? 

నాన్న ఇంత పెద్ద మాట మాట్లాడి నేనెప్పుడూ వినలేదు. మీటింగులో ఎవరో నా పేరు పిలిచారు, పలకలేదు.

అమ్మ: సరే, శాలువా, మెమెంటో, బొకే తీసేసి ఆ పంతొమ్మిది వందలు కవర్లో పెట్టి ఇస్తామని మేడమ్‌ని అడుగుతా.

నాన్న: రెండు వేలు చెయ్యి. రాకపోకలు వేరే. ఎలా వస్తారు?

అమ్మ: క్యాబ్ పంపిద్దాం.

నాన్న: క్యాబ్ ఎందుకు? ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే మియాపూర్ దాకా ఒకటే రైలు, 29 కిలోమీటర్లు, మారాల్సిన పనే లేదు. జేఎన్‌టీయూ దగ్గర దిగితే నేను స్కూటర్ మీద...

అమ్మ: డెబ్బై ఏళ్ళావిడని, చీర కట్టుకుని వచ్చేవారిని, మీ స్కూటర్ మీద, నిజాంపేట రోడ్డులో! ఇందాక ఆటోవాడు, శాలువా అని అంత ఉపన్యాసమిచ్చింది మీరేనా?

ఫ్యాను మీద మళ్ళీ దుమ్ము కనిపించింది. క్యాబ్ ఖాయమైంది. అప్పుడు ఫ్లెక్సీ డిజైను వచ్చింది అమ్మ ఫోన్‌కి. కరస్పాండెంటు గారి ఫోటో నిలువెత్తున, పక్కన ప్రిన్సిపాల్ మేడమ్, పైన నెహ్రూ గారు, గులాబీలు, పావురాలు, బెలూన్లు. కింద మూలన పోస్టల్ స్టాంపంత చోటులో రచయిత్రి గారు.

నాన్న: ఈవిడెవరు, తప్పిపోయినావిడా?

అమ్మ: నవ్వకండి. దాని కిందేం రాశారో చూశారా? "ప్రముఖ బాల సాహితీ వేట." వేట! వేత్త అని రాసిస్తే వేట అని కొట్టాడు. ఇరవై రెండేళ్ళుగా ఒత్తులు దిద్దుతున్నాను నేను. పిల్లలనుకుంటారు, ఈవిడేదో మమ్మల్ని వేటాడ్డానికి వచ్చిందని.

నాన్న: నాలుగు వందల మందిని ఎండలో గ్రౌండులో కూర్చోబెడితే అలాగే అనుకుంటారు.

అమ్మ: గ్రౌండు వద్దన్నారావిడ. రెండు సెక్షన్లు చాలన్నారు, అరవై, డెబ్భై మంది, లైబ్రరీలో కింద తివాచీ పరిచి. దీపప్రజ్వలన, స్వాగత నృత్యం అంటూ గంట లాగితే ఆ తర్వాత పిల్లలకి కథ ఎక్కదు, ఒకటికో రెంటికో వెళ్ళాలనిపిస్తుంది అన్నారు. ముందే పుస్తకం చదివించి ఉంచమన్నారు, అప్పుడే ప్రశ్నలడుగుతారట, లేకపోతే "మీకు ఇష్టమైన రంగేంటి?" దగ్గరే ఆగిపోతారట. అడిగారు కూడా, "మా పుస్తకాల్లో ఏం చదివారమ్మా మీ పిల్లలు?" అని.

నాన్న: నువ్వేమన్నావు?

అమ్మ జవాబివ్వలేదు. కుక్కర్ కేసి చూసింది. అది పొయ్యి మీద లేదు.

నాన్న: ఏమన్నావే?

అమ్మ: ...అన్నీ చదివారన్నాను.

నాన్న: అన్నీనా!

అమ్మ: గొంతు అంత ప్రేమగా ఉంటే లేదని ఎలా చెప్తాం? ఏడో క్లాసు పిల్లలు "కృతజ్ఞత" అనే మాట దగ్గర ఆగి నీళ్ళు తాగుతారని ఆవిడకి చెప్పమంటారా? ఇంకా మూడు వారాలుంది. పుస్తకాలు తెప్పించి రోజూ ఒక పీరియడ్ చదివిస్తాను. ఇద్దరికొకటి చొప్పున ముప్ఫై ఐదు కావాలి. సన్న పుస్తకం, అరవై రూపాయలు.

నాన్న: ఇరవై ఒక్క వందలు. ఒకటి కొని జిరాక్సులు తీయిద్దాం.

అమ్మ: ఆవిడ పుస్తకం జిరాక్సు తీయించి, ఆ జిరాక్సు మీద ఆవిడ చేతే సంతకం పెట్టిస్తారా?

నాన్న: ...కోఠీలో పాతవి చూద్దాం.

అమ్మ: కోఠీలో ముప్ఫై ఐదు మంది ఒకే పుస్తకం ఒకేసారి అమ్మేసుకుంటారా?

ఇక్కడ నేను మీటింగు ఆపేసి లోపలికి వెళ్ళాను. ఆ పుస్తకం మన అటక మీద ఉందని చెప్పాను, నాలుగో క్లాసులో నాకు ప్రైజొచ్చింది. నాన్న స్టూలెక్కి, పాత మిక్సీ, మేకులూడిన బొమ్మల కొలువు బల్ల దింపి, దాని వెనక నుంచి తీశారు. అట్ట మీద నేను తాబేలుకి మీసాలు పెట్టాను. ఇద్దరూ వంటింటి గట్టు దగ్గర నిలబడే చదివేశారు, అమ్మ పైకి, నాన్న అమ్మ భుజం మీదుగా. చార్మినార్ చూడాలని ఒక తాబేలు సిటీ బస్సెక్కుతుంది, కండక్టరు టికెట్ అంటాడు, తాబేలు నా వయసు నూట పది, సీనియర్ సిటిజన్ని అంటుంది, బస్సంతా రెండు వర్గాలైపోతుంది.

అమ్మ: "అఫ్జల్‌గంజ్‌లో బస్సు ఆగింది. కండక్టరు తాబేలు మీదికి వంగి మెల్లగా ఇలా అన్నాడు..." ఏదీ, తర్వాతి పేజీ ఏదీ?

ఆ పేజీతో నేను పడవ చేశాను. 2005లో మా వీధిలో వాన నీళ్ళలో వదిలాను. చెప్పలేదు వాళ్ళకి.

నాన్న: ఏముంది, దిగమని ఉంటాడు. టికెట్ లేదుగా. రూలు రూలే.

అమ్మ: దింపేస్తే అది పిల్లల కథవుతుందా, ఆడిట్ రిపోర్టవుతుందా? ఫ్రీగా తీసుకెళ్ళి ఉంటాడు.

నాన్న: ఫ్రీ అయితే మిగతా ప్రయాణికులు ఊరుకుంటారా? హాఫ్ టికెట్ కొట్టి ఉంటాడు.

అమ్మ: నూట పదేళ్ళ తాబేలుకి హాఫ్ టికెట్టా! ఆవిడకే ఫోన్ చేసి అడిగితే పోయె.

నాన్న: అడుగు. "అన్నీ చదివారు" కదా మీ పిల్లలు. చివర మాత్రం టీచరుకే తెలీదని చెప్పు.

ఏడుంబావు అయింది. నాన్న చెప్పులేసుకుని, గుడ్డ సంచీ తీసుకుని, కాచిగూడలో పుస్తకాల షాపు మూసేలోపు వెళ్ళొస్తానని స్కూటర్ తీశారు. కూకట్‌పల్లి నుంచి కాచిగూడ, ఆ ట్రాఫిక్‌లో! కూరగాయలకి పక్క వీధికి పంపాలంటే మోకాలు నొప్పి అనే మనిషి.

పదికి తిరిగొచ్చారు. సంచీలో ముప్ఫై ఆరు పుస్తకాలు, పది శాతం తగ్గింపుతో, బిల్లుతో సహా.

అమ్మ: ముప్ఫై ఐదు కదా కావాల్సింది?

నాన్న: ఒకటి నాది. సంతకానికి.

అమ్మ: చివర్లో ఏమైంది?

నాన్న: ముందు అన్నం పెట్టు.

అమ్మ: చదివేశారా? ఎక్కడ చదివారు?

నాన్న: షాపు మెట్ల మీద, వీధి దీపం కింద. రెండుసార్లు.

అమ్మ: దింపేశాడా?

నాన్న: పప్పు ఏం చేశావు?

అమ్మ: సంచీ ఇలా ఇవ్వండి.

నాన్న: అన్నం పెడితే ఇస్తా.

అమ్మ: ఇస్తే పెడతా.

నేను కంచాలు పెట్టాను. ఇద్దరూ చెరో వైపు సంచీ పట్టుకుని నిలబడే ఉన్నారు.