గుమ్మానికి కలబంద, మొహానికి అలోవెరా

మా గుమ్మం పైన ఒక కలబంద తలకిందులుగా వేలాడుతోంది. దిష్టి తగలకుండా కట్టాం. మట్టి లేదు, చుక్క నీళ్లు లేవు, ఏడు నెలలైనా బతికే ఉంది. పగలంతా ఆకు రంధ్రాలు బిగించుకుని రాత్రిపూట మాత్రమే తెరిచే జాతి. ఉన్న తడిని పిసినారిలా దాచుకుంటుంది. సరిగ్గా దాని కిందనుంచే వెళ్లి నేను 249 రూపాయలు పోసి అలోవెరా జెల్ కొనుక్కొచ్చాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న పెద్దల మాట నిలబెట్టాలంటే ఎవరో ఒకరు డబ్బు వదిలించుకోవాలి కదా.

ట్యూబు చూసి అమ్మ, "ఇదేంట్రా ఇంత పచ్చగా ఉంది? గుజ్జుకి రంగుండదు కదా" అంది. పాపం, ఆవిడకు వ్యాపారం తెలీదు. ఆకు పచ్చగా ఉంది కాబట్టి లోపలిదీ పచ్చగా ఉంటేనే జనం నమ్ముతారు. ఈ లెక్కన పుచ్చకాయ జ్యూస్ కూడా పచ్చగానే అమ్మాలి. ఇంకా ఎవరికీ తట్టినట్టు లేదు.

ట్యూబు ముందువైపు '99 శాతం ప్యూర్' అని ఉంది. ఏది ప్యూరో రాయలేదు. వెనక చీమ కాళ్లంత అక్షరాలు. ఫోటో తీసి జూమ్ చేశాను. ఎక్కువ వేసింది ముందు, తక్కువ వేసింది తర్వాత రాయడం పద్ధతి. మొదట నీళ్లు. తర్వాత గ్లిజరిన్, చిక్కదనానికి కార్బోమర్, పాడవకుండా ఫినాక్సీఇథనాల్, సెంటు. సెంటు తర్వాత కలబంద, తన పెళ్లిలో తనే ఆఖరి బంతికి కూర్చున్న పెళ్లికొడుకులా. మోసమని అనలేం. అసలు గుజ్జులోనూ నూటికి 98 పాళ్లు నీళ్లేగా! 2016లో అమెరికాలో కొన్ని పెద్ద దుకాణాల సొంత బ్రాండు జెల్‌లను ల్యాబులో పరీక్షిస్తే కలబంద జాడే దొరకలేదట. మావాళ్లు నయం, బంతిలోకైనా పిలిచారు.

టిష్యూ పేపర్లో అలోవెరా, రేజరు పట్టీలో అలోవెరా, ఆఖరికి సాక్సుల్లో కూడా. మడమలకు మాత్రం గ్లో వద్దా?

పైన పూసుకుంటే చాలామందికి ఏమీ కాదు. కొందరికి పడక దద్దుర్లొస్తాయి, అందుకే ముందు చేతి మీద కాస్త రాసి ఒక రోజు చూడాలి. అంత ఓపిక ఎవరికుంది? మనం నేరుగా మొహానికే.

అసలు వీరులు తాగేవాళ్లు. పక్కింటి బాబాయ్ గారు ఇమ్యూనిటీ కోసం ఆకును తొక్కతో సహా మిక్సీలో వేశారు. అమ్మ అయితే కోసిన ఆకును గ్లాసులో నిలబెడుతుంది. తొక్క కింది పసుపుపచ్చని చేదు జిగురు కారిపోయాక కడిగి, అప్పుడు గుజ్జు తీస్తుంది. ఆ జిగురు ఎండితే మూసాంబరం. పిల్లలకు పాలు మాన్పించడానికి తల్లులు రాసుకునేది అదే. కడుపులోకి వెళితే గట్టి విరేచనకారి. డాక్టరు చీటీ లేకుండా అమ్మే విరేచనాల మందుల్లో దాన్ని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే చెప్పేసింది. జిగురు తీయని మొత్తం ఆకు సారం పట్టిస్తే ఎలుకల పెద్దపేగులో కణితులొచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని అనుమానితుల జాబితాలో పెట్టింది. బాబాయ్ గారి ప్రయోగం మాత్రం దిగ్విజయం. ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేదు. సాయంత్రం గోడ పట్టుకుని బయటికొచ్చి, "బాడీ మొత్తం డీటాక్స్ అయిందోయ్" అన్నారు.

ఈ ఎండలకు గుమ్మం మీది కలబంద కాస్త వడలింది. ట్యూబులో మిగిలిన జెల్ దానికి రాస్తే తేరుకుంటుందేమో చూడాలి.