పనికొచ్చే కారణం చెల్లదు

పర్వతారోహకుల మీద ఆక్షేపణలు మరీ ఎక్కువైపోయాయి. ప్రాణాలు పోతుంటే ఎందుకు ఎక్కుతారు, ఇంట్లోవాళ్లు గుర్తుకు రారా, వేళ్లు రాలిపోయినా బుద్ధి రాదా అని కింద కూచున్న ప్రతివాడూ అడిగేవాడే. దూరపు కొండలు నునుపన్న సామెత ఒకటి నేర్చుకుని, కొండల గురించి ఇక తెలుసుకోవాల్సిందేమీ లేదనుకునేవాళ్లు ఇలాగే మాట్లాడతారు. వీళ్లకు విడమరిచి చెప్పే భారం ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. నేను ఎత్తుకుంటున్నాను. ఇంతవరకూ ఏ శిఖరమూ ఎక్కలేదు కాబట్టి నిష్పాక్షికంగా రాయగలనని నమ్మకం.

ముందుగా ఒక నియమం. శిఖరం ఎక్కడానికి చెప్పే కారణం ఎవరికీ ఎందుకూ పనికిరాకూడదు. దీన్ని స్థిరపరిచినవాడు ఇంగ్లిష్ పర్వతారోహకుడు జార్జ్ మాలరీ. ఎవరెస్ట్ ఎందుకు ఎక్కాలనుకుంటున్నారని 1923లో అమెరికాలో ఒక విలేకరి అడిగితే, ‘అది అక్కడుంది కాబట్టి’ అన్నాడు. అప్పు ఎందుకు చేశావని ఇంట్లో అడిగినప్పుడు ‘బ్యాంకు అక్కడుంది కాబట్టి’ అని చెప్పి చూడండి, రాత్రికి అన్నం పెట్టరు. మాలరీ మాటకు మాత్రం వందేళ్లుగా చప్పట్లు కొడుతున్నాం. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన, తోటి ఆరోహకుడు ఆండ్రూ అర్విన్ ఎవరెస్ట్ పైకి వెళ్తూ వెళ్తూ మబ్బుల్లో కలిసిపోయారు. ఇంగ్లండ్‌లో ఆయనకు భార్య, ముగ్గురు పిల్లలు. వాళ్లూ ఉన్నచోటే ఉన్నారు. కాకపోతే వాళ్ల ఎత్తు చాలలేదు.

ప్రమాదముందని తెలిస్తే జనం మానేస్తారనుకోవడం ఇంకో అమాయకత్వం. 1865లో ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్‌ను మొదటిసారి ఏడుగురు ఎక్కారు. దిగుతుంటే ఒకరి కాలు జారింది, తాడు తెగింది, నలుగురు పోయారు. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. దాంతో ఆ కొండకు అంతకుముందు లేనంత పేరొచ్చి, కింద ఉన్న జెర్మాట్ ఊరికి జనం ఎగబడ్డారు. 1996 మేలో ఒక్క తుపానులో ఎవరెస్ట్ మీద ఎనిమిది మంది చనిపోయారు. 2023 వసంతంలో అదే కొండకు నేపాల్ ఇచ్చిన పర్మిట్లు 478, అప్పటికి అదే రికార్డు. కొండల వ్యాపారంలో చావును మించిన ప్రకటన లేదు.

వీళ్ల ముందుచూపు కూడా మెచ్చుకోదగ్గది. ఎనిమిది వేల మీటర్లు దాటాక ఒంటికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో మూడో వంతు. మెదడు మందగిస్తుంది, లేనివి కూడా కనిపిస్తాయి. ముందుకెళ్లాలా, వెనక్కి తిరగాలా అన్న చావుబతుకుల నిర్ణయాన్ని ఏరికోరి అక్కడికి వాయిదా వేసుకుంటారు. మెదడు పనిచేస్తున్నప్పుడు, అంటే కొండ అడుగునున్న బేస్ క్యాంప్‌లో టీ తాగుతూ, మధ్యాహ్నం రెండింటికల్లా ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలని ఒట్టు పెట్టుకుంటారు. పైకి వెళ్లాక రెండవుతుంది. శిఖరం ఇదిగో అన్నట్టు కనిపిస్తుంటుంది. కట్టిన డబ్బు గుర్తొస్తుంది. వాచీ తప్పు చూపిస్తోందేమోనన్న అనుమానం కూడా వస్తుంది.

వెనక్కి తిరగాలనుకునేవాళ్లు అసలు లేరని కాదు. 1950లో నేపాల్‌లోని అన్నపూర్ణ మీద, శిఖరం దగ్గర పడుతుండగా ఫ్రెంచి బృందంలోని లూయీ లాషెనాల్‌కు కాళ్లు మొద్దుబారిపోయాయి. అతను గైడు. కాళ్లే జీవనాధారం. దిగిపోదామన్నాడు. నువ్వు దిగిపోతే నేనొక్కణ్ణే వెళ్తానన్నాడు నాయకుడు మోరిస్ హెర్జోగ్. అతన్ని ఒంటరిగా వదల్లేక లాషెనాల్ కూడా నడిచాడు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాన్ని మనిషి ఎక్కడం అదే మొదటిసారి. చావు తప్పి కన్ను లొట్టపోయింది: లాషెనాల్ కాలివేళ్లన్నీ పోయాయి, చేతి తొడుగులు జారవిడుచుకున్న హెర్జోగ్‌కు చేతివేళ్లు కూడా పోయాయి. తర్వాత హెర్జోగ్ ఫ్రాన్స్ ప్రభుత్వంలో క్రీడల శాఖ చూశాడు. నాకిందులో అన్యాయమేమీ కనిపించదు. కాళ్లు రేపు పనికొస్తాయని ఆలోచించేవాడికి శాఖలెవరిస్తారు?

ఇక్కడే షెర్పాలతో, అంటే ఎక్కేవాళ్లకు బరువులు మోసి దారి చూపే కొండవాసులతో, పెద్ద చిక్కు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలోని ఖుంబూ మంచుపాతంలో, అంటే జలపాతంలా కిందికి జారే మంచుగడ్డల మధ్య, మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. తాము ఎక్కడానికి వెళ్లినవాళ్లు కాదు. ఎక్కబోయేవాళ్ల కోసం తాళ్లు, గుడారాలు, తిండి, ఆక్సిజన్ సిలిండర్లు పైకి చేర్చే పనిలో ఉన్నారు. డబ్బు కట్టి ఎక్కేవాడు ఆ మంచుపాతాన్ని కొన్నిసార్లు దాటితే సరిపోతుంది, మోసేవాడు సీజనంతా తిరగాలి. అతన్ని ఎందుకెక్కుతున్నావని అడిగితే కూలి కోసం, పిల్లల ఫీజుల కోసం అంటాడు. పరమ చప్పటి జవాబు. ఆలోచించడానికి ఏమీ మిగల్చదు, గోడమీద రాసుకోవడానికి పనికిరాదు. అందుకే ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగరు. నేపాల్ ప్రభుత్వం కూడా ఈ తేడాను చక్కగా గ్రహించి, చనిపోయినవాళ్ల కుటుంబాలకు మొదట తలా 40,000 నేపాలీ రూపాయలు ప్రకటించింది, అంటే సుమారు 400 డాలర్లు. మరుసటి ఏడాది ఒక విదేశీయుడు ఎక్కడానికి కట్టాల్సిన ఫీజు 11,000 డాలర్లు, 2025 సెప్టెంబర్ నుంచి 15,000. షెర్పాలు అలిగి ఆ 2014 సీజన్‌లో ఇక ఎక్కబోమన్నారు. కూలి కోసం ఎక్కేవాళ్లతో ఇదే ఇబ్బంది, కారణం పోగానే దిగిపోతారు.

కామి రీటా షెర్పానే తీసుకోండి. 2025 మే నాటికి ఎవరెస్ట్‌ను 31 సార్లు ఎక్కాడు, ప్రపంచంలో ఇంకెవరూ అన్నిసార్లు ఎక్కలేదు. మాలరీ ఒక్కసారి కూడా ఎక్కాడో లేదో తేలకుండానే అంత గొప్ప మాట వదిలి వెళ్తే, ఈయన ఇది నా పని అంటాడు. అన్నిసార్లు పైకి వెళ్లొచ్చి ఒక్క తత్వమైనా దించుకురాలేదు. ఆ పని చేసేవాళ్లలో చాలామంది తమ పిల్లలు మాత్రం ఇందులోకి రాకుండా చదువుకుని ఏ ఉద్యోగమో చూసుకోవాలంటున్నారట. ఇంత స్వార్థం పనికిరాదు. ఆ పిల్లలందరూ ఆఫీసుల్లో కూచుంటే, కొండ అక్కడుంది కాబట్టి వెళ్లాల్సినవాళ్ల సిలిండర్లు ఎవరు మోస్తారు?