ఎక్సోజోమ్ సూది క్యాన్సర్ మందు కాదు

"ఎక్సోజోమ్‌లు మన ఒంట్లోనే పుట్టేవి, హాని చేయవు. సూదితో ఎక్కిస్తే క్యాన్సర్ కణాలను వెతికి చంపుతాయి. కీమోతో పనిలేదు. అమెరికాలో అనుమతి ఉన్న చికిత్స ఇది." వాట్సాప్‌లో తిరుగుతున్న ఈ సందేశం చికిత్స మధ్యలో ఉన్నవారి చేతికీ చేరుతోంది. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

ఒంట్లో పుట్టేవన్నది నిజమే. దాదాపు ప్రతి కణమూ 30 నుంచి 150 నానోమీటర్ల ఈ అతి చిన్న సంచులను వదులుతుంది. లోపల ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ఉంటాయి. కానీ క్యాన్సర్ కణం కూడా ఒంట్లో పుట్టిందే, అదీ వీటిని వదులుతుంది.

అవి చేసే పని చూడండి. 2015లో క్యాన్సర్ పరిశోధకుడు డేవిడ్ లైడెన్ బృందం ఎలుకల్లో తేల్చిన విషయం: కణితి ఎక్సోజోమ్‌ల మీద ఆల్ఫా6బీటా4 అనే ఇంటిగ్రిన్ (కణాలకు అతుక్కునేలా చేసే ప్రొటీన్) ఉంటే అవి ఊపిరితిత్తులకు, ఆల్ఫావీబీటా5 ఉంటే కాలేయానికి చేరతాయి. నాట్లకు ముందే మడి దున్నినట్టు, క్యాన్సర్ కణం రాకముందే అక్కడ దానికి చోటు సిద్ధం చేస్తాయి. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల రక్తంలోని ఎక్సోజోమ్‌ల మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను గుర్తించారు. కణితిపై దాడి చేయాల్సిన టీ కణాలనే రోగనిరోధక కణాలను అది నీరసింపజేస్తుంది. హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రొమ్ము క్యాన్సర్‌లో మరో దారి. ఎక్సోజోమ్‌లు తమ మీదున్న హెర్2తో ట్రాస్టుజుమాబ్‌ను పట్టేసి, కణితికి అందాల్సిన మందును అడ్డుకోగలవని ప్రయోగశాలలో కనిపించింది.

సూదిలో ఎక్కించేవి కణితివి కావు కదా అని అడగవచ్చు. కావు. అయితే అవి క్యాన్సర్‌ను చంపుతాయని మనుషుల్లో రుజువు కాలేదు. ఫ్రాన్స్‌లో డెండ్రిటిక్ కణాలనే రోగనిరోధక కణాల ఎక్సోజోమ్‌లను 22 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు ఇచ్చారు. అదీ కీమో పూర్తయ్యాక, దానికి బదులుగా కాదు. కనీసం సగం మందిలో నాలుగు నెలలు వ్యాధి ముదరకూడదన్నది లక్ష్యం. 32 శాతం మందిలోనే అది నెరవేరింది.

ఇక అనుమతి మాట పచ్చి అబద్ధం. అమెరికాలోని నెబ్రాస్కాలో ఇలాంటి ఉత్పత్తులు తీసుకున్నవారు తీవ్రంగా జబ్బుపడ్డాక, ఆమోదం పొందిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని 2019 డిసెంబరులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

ఇప్పటికే ఈ సూది వేయించుకుని ఉంటే మీ క్యాన్సర్ డాక్టరుకు దాచకుండా చెప్పండి. జ్వరం, వణుకు వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.