ఆ ‘పదేళ్లు’ శిక్ష కాదు

స్టాలిన్ కాలపు ఖైదీల కుటుంబాల మీద వ్యాసం బాగుంది. కానీ అధికారులు ఇంటివాళ్లకు చెప్పే ‘ఉత్తరాల హక్కు లేకుండా పదేళ్లు’ అన్నదాన్ని నిజం శిక్షగానే రాశారు. 1937-38లో చాలావరకు ఆ మాటకు అర్థం, మనిషిని అప్పటికే కాల్చేశారని.

ఇంటివాళ్లకు ఉన్న ఆధారమల్లా జైలు కిటికీయే. లెనిన్‌గ్రాద్‌లో క్రెస్తీ జైలు ముందు గంటల తరబడి ఆడవాళ్ల వరస. పేరు చెప్పి డబ్బు లోపలికి తోస్తే, తీసుకున్నారంటే మనిషి ఇంకా అక్కడే ఉన్నట్టు లెక్క. వెనక్కి నెట్టారంటే ఇంకో చోటికి పంపారా, ఇంకేమైనానా? చెప్పేవాడుండడు.

భార్యల సంగతి వ్యాసం దాటేసింది. 1937 ఆగస్టు 15 నాటి ఎన్‌కేవీడీ (అప్పటి సోవియట్ రహస్య పోలీసు) 00486 ఉత్తర్వు ప్రకారం ‘దేశద్రోహి’ భార్యకు 5 నుంచి 8 ఏళ్ల లేబర్ క్యాంపు. మొగుడి మీద తనే ఫిర్యాదు చేసినావిడకు మాత్రం మినహాయింపు! చిన్నపిల్లలు అనాథాశ్రమాలకు, అదీ మాస్కో, లెనిన్‌గ్రాద్ లాంటి నగరాలకు బయట.

తర్వాత ఇంటివాళ్లకు ఇచ్చిన మరణపత్రాలతో ఇంకా జాగ్రత్త. కాల్చిన సంగతి చెప్పొద్దు, క్యాంపులో చనిపోయాడని చెప్పి, అరెస్టయిన పదేళ్లలోపు ఏదో తేదీ వేయండని 1955లో కేజీబీ రహస్య ఆదేశం. అందుకే ఆ పత్రాల్లో 1942, 43 లాంటి ఏళ్లు, న్యుమోనియా, గుండెజబ్బు లాంటి కారణాలు కనిపిస్తాయి. కేసు ఫైలుతో సరిచూడకుండా ఆ తేదీని వాడకండి.