కంపైల్ అయితే చాలదు, టెస్ట్ చేయాల్సిందే

“ఓపెన్ సోర్స్ కంపైలర్లు వచ్చేశాయి. మోడల్ ఒక్కసారి రాస్తే ఏ చిప్ మీదైనా అదే స్పీడు, తుచ తప్పకుండా అదే జవాబు. మళ్లీ టెస్ట్ చేయక్కర్లేదు. కుడా పని అయిపోయింది. చేత్తో కెర్నల్ రాసే రోజులు పోయాయి.” ఏఐ మోడళ్ల గురించి తిరుగుతున్న ఈ మెసేజ్ పంపేవాళ్లలో రోజూ మోడళ్లతో పనిచేసేవాళ్లూ ఉన్నారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను. కంపైలరంటే మనం రాసిన మోడల్‌ని చిప్ నడపగలిగే కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్. కుడా అంటే ఎన్‌విడియా చిప్‌లకి ప్రోగ్రాములు రాసే ఆ కంపెనీ సొంత వ్యవస్థ. కెర్నల్ అంటే జీపీయూ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్.

అదే స్పీడు రాదు. ఎన్‌విడియా జీపీయూలో కలిసి నడిచే ఒక్కో గుంపుకి (వార్ప్) 32 థ్రెడ్లు, ఏఎమ్‌డీ ఇన్‌స్టింక్ట్ జీపీయూలో అలాంటి గుంపుకి (వేవ్‌ఫ్రంట్) 64. ఒకదానికి కుదిరిన టైల్ సైజు (పెద్ద లెక్కని కోసే ముక్క కొలత) రెండోదానికి కుదరకపోవచ్చు. టీవీఎం అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ ఆటోట్యూనింగ్‌లో ఒక్కో చిప్ మీద రకరకాల వెర్షన్లు నడిపి చూసేది అందుకే.

అసలు ప్రమాదం “అదే జవాబు, టెస్ట్ అక్కర్లేదు” అన్న దగ్గరుంది. 16 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే ఎఫ్‌పీ16 ఫార్మాట్) 2048కి 1 కలపండి. 2048 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే ఆ ఫార్మాట్‌లో 2049కి చోటు లేదు. ఇంకో 1 కలిపినా 2048. అదే ముందు రెండు ఒకట్లూ కలిపి, ఆ 2ని 2048కి కలిపితే 2050. అంకెలు అవే, కూడిన వరుస మారిందంతే. చిప్‌ని బట్టి ఆ వరుసని మార్చేది ఈ కంపైలరే! 32 బిట్లలో కూడితే తేడా బాగా తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. మోడళ్లు రాసే లైబ్రరీ పైటార్చ్ వాళ్ల టెస్టింగ్ ఫంక్షన్ ‘అసర్ట్ క్లోజ్’ కూడా ఆ 16 బిట్ల ఫార్మాట్‌కి 0.001 దాకా సాపేక్ష తేడాని మామూలుగానే ఒప్పుకుంటుంది. మోడల్ ఇచ్చిన స్కోరు కటాఫ్‌ని ఆనుకుని ఉంటే ఆ గోరంత తేడాకే “అవును” కాస్తా “కాదు” అయిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లోనూ ఏమీ కనపడదు. ఎక్స్‌రే చదివే మోడల్‌ని టెస్ట్ లేకుండా కొత్త చిప్ మీదకి మార్చేసి, ఆ రిపోర్టు మీ అమ్మగారికి ఇప్పిస్తారా? ఇప్పించలేనప్పుడు ఇంకొకరికి ఎందుకు ఫార్వర్డ్ చేస్తున్నారు?

కుడా సంగతి ఒక్క ముక్కలో చెప్తాను: దాని పని అయిపోలేదు. ఎన్‌విడియా మీద ట్రైటన్ అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ కూడా తయారుచేసేది ఎన్‌విడియా సొంత కోడ్ భాష పీటీఎక్సే, దాన్ని నడిపేది ఎన్‌విడియా డ్రైవరే.

కెర్నళ్ల మాటలో మాత్రం సగం నిజముంది, ఒప్పుకుంటాను. 2023లో పైటార్చ్ 2.0తో వచ్చిన టార్చ్ డాట్ కంపైల్, వరసగా ఉన్న చిన్న చిన్న ఆపరేషన్లని కలిపేసి జీపీయూకి ట్రైటన్ కెర్నల్ తనే తయారుచేస్తుంది. అలాంటివాటికి ఇంకా చేత్తో రాయడం చాలావరకు టైమ్ వేస్టే. కొత్త చిప్ చేసేవాళ్లు కూడా ఎంఎల్ఐఆర్ (కంపైలర్లు కట్టడానికి వాడే ఓపెన్ సోర్స్ సరంజామా) లాంటి పునాది ఉండబట్టే ప్రతిదీ మొదటి నుంచి కట్టుకోకుండా పని మొదలుపెట్టగలుగుతున్నారు.